ఆందోళనకి ఇచ్చిన మాత్రలు రెండు వారాలు కూడా వాడలేదు, ఆపేశాక ఒంట్లో అస్సలు బాగోలేదు

తెగిన_నిద్ర
ఆందోళన తగ్గడానికని డాక్టర్ రెండు రకాల మాత్రలు రాశారు. వేసుకున్నన్నాళ్ళూ కడుపులో తిప్పుతూనే ఉంది, అందుకే ఆపేశాను. ఆపితే సర్దుకుంటుందనుకుంటే కొత్తవి మొదలయ్యాయి. నడుస్తుంటే తూలుతున్నట్టు ఉంటోంది. గుండె దడ. తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. వేళ్ళ చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లు. కళ్ళు చటుక్కున పక్కకి తిప్పితే తలలో చిన్న కరెంటు తగిలినట్టు అవుతోంది. సాయంత్రమైతే ఒకచోట కూర్చోలేకపోతున్నాను, కాళ్ళు లాగుతున్నట్టుంటుంది, లేచి తిరగాల్సిందే. ఇంత తక్కువ రోజులు వాడిన మందు ఇంకా ఒంట్లో ఉంటుందా? మెదడుకేమైనా అయిందా? ఇది ఎన్నాళ్ళుంటుంది?

సగంమాత్ర
మందుల పేర్లు, డోసు, ఎన్నాళ్ళు వాడారు, ఆపి ఎన్నాళ్ళయింది, ఒక్కసారిగా ఆపారా తగ్గిస్తూ ఆపారా. ఇవి తెలియకుండా ఎవరేం చెప్పినా చీకట్లో రాయి విసిరినట్టే. "ఆందోళన మాత్ర" ఎస్సిటలోప్రామ్ కావచ్చు, క్లోనజెపామ్ కావచ్చు, ప్రొప్రనలోల్ కావచ్చు, ప్రీగాబాలిన్ కావచ్చు. ఆపినప్పుడు ఒక్కోటి ఒక్కోలా చేస్తుంది. స్ట్రిప్ వెనక చిన్నక్షరాలు కూడా చదవండి, ఒకే మాత్రలో రెండు మందులు కలిపి అమ్మేవి ఉన్నాయి.

వెలుతురు_కిటికీ
రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్ళు పట్టించండి. మందు కొట్టుకుపోతుంది, రెండు మూడు రోజుల్లో తేలికపడతారు.

మోతాదు
వెలుతురు గారూ, ఆ సలహా దయచేసి వద్దు. ఈ మందుల్లో చాలావాటిని విరగ్గొట్టేది కాలేయం. నీళ్ళు ఎన్ని తాగినా కాలేయం వేగం పెరగదు. పైగా ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు కొందరిలో రక్తంలో సోడియం తగ్గిస్తాయి, ముఖ్యంగా మొదటి కొన్ని వారాల్లో. అలాంటప్పుడు లీటర్లకి లీటర్లు తాగితే సోడియం ఇంకా పడిపోతుంది. దాహం వేసినంత తాగితే చాలు, వాంతులో విరేచనాలో ఉంటే ఓఆర్ఎస్ కలుపుకోండి.

తెగిన_నిద్ర
స్ట్రిప్‌లు చూసి రాస్తున్నా. ఎస్సిటలోప్రామ్ మొదటి 7 రోజులు 5 మి.గ్రా., తర్వాత 10 మి.గ్రా. చేశారు. 10 ఐదు రోజులు వేసుకున్నాను. రాత్రి పడుకునే ముందు క్లోనజెపామ్ 0.25. మొత్తం 12 రోజులు. రెండూ ఒకేరోజు ఆపేశాను, ఇవాళ్టికి ఐదో రోజు. వయసు 34, బీపీ షుగర్ లేవు.

గంటల_లెక్క
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ముందు "ఇంకా ఒంట్లో ఉందా" అన్నదానికి.

ఎస్సిటలోప్రామ్ హాఫ్‌లైఫ్ దాదాపు 30 గంటలు, అంటే అంత సేపట్లో రక్తంలో ఉన్నది సగమవుతుంది. ఐదు రోజులంటే 120 గంటలు, నాలుగు సగాలు. మిగిలింది పదహారో వంతు, సుమారు 6 శాతం. ఇంకో రోజున్నర గడిస్తే 3 శాతం. క్లోనజెపామ్ ఇంకా నెమ్మది, చాలామందిలో 30 నుంచి 40 గంటలు. ఐదో రోజుకి దాంట్లో 6 నుంచి 12 శాతం మిగిలి ఉంటుంది, పూర్తిగా పోవడానికి వారం పైన పడుతుంది.

కాబట్టి మందు ఇంకా నిండా ఉండి బాధపెడుతోందన్నది కుదరదు. అది ఒంట్లోంచి వేగంగా దిగిపోతున్న రోజులివి, దిగుతున్నప్పుడు వచ్చేవి ఇప్పుడు కనిపిస్తాయి. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళలో, పెద్దవయసువాళ్ళలో ఈ గంటలు సాగుతాయి.

రెండోచూపు
కళ్ళు తిప్పితే తలలో కరెంటు, తూలడం, నిద్ర తెగడం. ఇది ఎస్సిటలోప్రామ్ విత్‌డ్రాయలే, అంటే మందు ఆపినందుకు వచ్చే బాధలే. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

మోతాదు
అంత ఖాయంగా అనలేం రెండోచూపు గారూ. ఈ రకం మందులు ఆపాక వచ్చే విత్‌డ్రాయల్ మామూలుగా కనీసం నాలుగైదు వారాలు వాడినవాళ్ళలో చూస్తాం. కణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాక్కునే ద్వారాలను మందు మూసి ఉంచితే, మెదడు దాన్ని అందుకునే తన రిసెప్టర్లను ఆ కొత్త మట్టానికి సర్దుకోవడానికి వారాలు పడుతుంది. సర్దుబాటు పూర్తికాకముందే మందు తీసేస్తే ఊడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. 12 రోజులకి అసలు రాదని కాదు, తక్కువ, వచ్చినా తేలిక. అన్నిటినీ దాని మీదే వేసేస్తే మిగతావి కనపడకుండా పోతాయి.

నాకు ఎక్కువ అనుమానం క్లోనజెపామ్ మీద. ఆ రకం మందులు, అంటే బెంజోడయాజెపైన్‌లు, మెదడులో గాబా అనే బ్రేకును గట్టిగా నొక్కుతాయి. కొద్ది రోజులు రాత్రి రాత్రీ నొక్కి ఒక్కసారి వదిలేస్తే నిద్ర, దడ, ఉలికిపాటు మునుపటి కంటే ఒక మెట్టు పైకి లేస్తాయి, రీబౌండ్ అంటారు. అల్ప్రజోలామ్ లాంటి పొట్టి హాఫ్‌లైఫ్ మందుకి అది మర్నాటికే వస్తుంది. క్లోనజెపామ్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి రెండో మూడో రోజున మొదలై వారం చివరికి తగ్గుముఖం పడుతుంది. 0.25 చిన్న డోసే, కాబట్టి ప్రమాదకరంగా మారే అవకాశం తక్కువ. నెలల తరబడి రోజుకి 2 మి.గ్రా. వాడి హఠాత్తుగా ఆపితే కథ వేరు, అక్కడ ఫిట్స్ రావచ్చు. ఈ రకం మందులన్నిటి సమాచార పత్రాల్లో ఆధారపడటం, విత్‌డ్రాయల్ గురించిన హెచ్చరికను 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కఠినం చేయించింది. అందులో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వాడకంతోనే శరీరం అలవాటుపడొచ్చని ఉంది.

నిమ్మళం
నేను మాత్రం ఇద్దరితోనూ ఒప్పుకోను. అసలు ఆందోళనే తగ్గలేదు కదా. ఎస్సిటలోప్రామ్ పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు కావాలి. 12 రోజులకి మేలు మొదలవ్వలేదు. క్లోనజెపామ్ పైపైన కప్పి ఉంచింది, ఆ దుప్పటి తీశారు, కింద ఉన్నది అలాగే ఉంది. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ చూడండి: ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు ఆపినవాళ్ళలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం వచ్చింది, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్ళలో కూడా 17 శాతం మందికి వచ్చింది. భయంతో ఎదురుచూడటం కూడా లక్షణాలు తెస్తుంది.

వాన_చినుకు
"మనసులోదే" అని చెప్తున్నారా? ఇది చదివి ఆ మనిషి ఇంకా కుంగిపోతారు.

నిమ్మళం
కానే కాదు వాన గారూ. ఉత్తుత్తి మాత్ర ఆపి తల తిరిగినవాళ్ళకి తల నిజంగానే తిరుగుతుంది. తిమ్మిర్లే తీసుకోండి. గాబరాలో ఊపిరి తెలియకుండానే వేగంగా, పైపైన తీస్తాం. కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది, విడిగా తిరిగే కాల్షియం తగ్గుతుంది, నరాలు ఊరికే స్పందిస్తాయి. అందుకే పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు, తల తేలిపోవడం. ఇదంతా ఒంట్లో జరిగేదే. నరాలు దెబ్బతిన్నాయని మాత్రం దీనర్థం కాదు. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు చేసి చూడండి. తిమ్మిర్లు పలచబడితే కారణం దొరికినట్టే. కాగితం సంచిలో ఊపిరి తీయడం అనే పాత చిట్కా మాత్రం వద్దు, ఒకవేళ అసలు సమస్య గుండెదో ఊపిరితిత్తులదో అయితే ఆక్సిజన్ తగ్గి ప్రాణం మీదకి వస్తుంది.

సగంమాత్ర
నిమ్మళం గారు చెప్పిన 31, 17 లెక్కకి ఒక మాట. తేడా 14 శాతం, అంటే ఆరేడుగురిలో ఒకరికి నిజంగా మందు ఆపినందువల్లే వస్తోందని కూడా అదే విశ్లేషణ చెప్తోంది. తీవ్రంగా వచ్చినవాళ్ళు సుమారు 3 శాతం. రెండువైపులా చదవాలి.

రెండోచూపు
సరే, ఖాయంగా అన్న మాట వెనక్కి తీసుకుంటా. కానీ కరెంటు తగిలినట్టు ఉండటం ఆందోళనలో మామూలుగా రాదు. అది ఆందోళన ఖాతాలోకి పోదు.

మోతాదు
అది నిజమే, ఆ ఒక్కటీ మందు ఆపిన వైపే చూపిస్తుంది. వేరుచేసి చూడటానికి నేను పట్టుకునేది ఇదే: మందు మొదలుపెట్టకముందు లేనిదేదో ఇప్పుడు కొత్తగా వచ్చిందా? వస్తే మందు వైపు చూడాలి. మునుపు ఉన్నదే తిరిగొచ్చిందా? అప్పుడు పాత ఆందోళన. తర్వాత, రోజులు గడుస్తుంటే ఎటు పోతోందో చూడాలి. ఆపిన రెండు నాలుగు రోజుల్లో మొదలై, అలల్లా వస్తూ పోతూ, వారం రెండు వారాల్లో అల ఎత్తు తగ్గుతుంటే విత్‌డ్రాయలో రీబౌండో. మెల్లగా మొదలై వారం వారం పెరుగుతుంటే పాతది వెనక్కి వస్తోంది. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

ఆకుపచ్చ_సిరా
నాకు పట్టిపీకుతున్నది వేరే. సాయంత్రం ఒకచోట కూర్చోలేకపోవడం, కాళ్ళు లాగడం, తిరిగితే గానీ నిలవకపోవడం. ఇది దడతో కూడిన గాబరాలా లేదు. తెగిన_నిద్ర గారూ, వికారానికి ఏమైనా వేసుకుంటున్నారా? ఎసిడిటీకి? పేర్లు చెప్పండి. కాఫీ, టీ, సిగరెట్ సంగతి కూడా.

తెగిన_నిద్ర
వికారానికి మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. అని ఉంది, అవసరమైతే వేసుకోమన్నారు, ఈ నాలుగు రోజులూ మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటున్నా. కడుపులో మంటకి ఒమెప్రజోల్ 20, ఎప్పటినుంచో. కాఫీ రోజుకి నాలుగు కప్పులు తాగేవాణ్ణి, దడకి మంచిది కాదని మాత్రలు ఆపిన రోజే అదీ మానేశాను. సిగరెట్ లేదు.

ఆకుపచ్చ_సిరా
ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేయండి, రేపటిదాకా ఆగొద్దు. మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. కొందరిలో అది అకతీసియా తెస్తుంది: లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టు, కాళ్ళు కదపకుండా ఉండలేకపోవడం, కూర్చుంటే లేవాలని, లేస్తే నడవాలని. చూసేవాళ్ళకి గాబరాలాగే కనిపిస్తుంది కాబట్టి ఆందోళన పెరిగిందని ఇంకో మాత్ర రాయించుకోవడం జరుగుతుంది. ఎస్సిటలోప్రామ్ కూడా అరుదుగా ఇదే పని చేస్తుంది, రెండూ ఒంట్లో ఉంటే అవకాశం ఎక్కువ. మీ దాంట్లో వేళ కూడా సరిపోతోంది, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, కాళ్ళ గోల సాయంత్రం.

ఇది వేసుకున్న గంటల్లో కూడా మొదలవ్వొచ్చు. మందు హాఫ్‌లైఫ్ ఐదారు గంటలే, ఆపాక చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. యూరప్ మందుల సంస్థ 2013లోనే దీన్ని ఐదు రోజులకి మించి, రోజుకి 30 మి.గ్రా. దాటి వాడొద్దని చెప్పింది. అవసరమైతేనే అన్న మాత్ర కాబట్టి మెల్లగా తగ్గించాల్సిన పనిలేదు, అయినా ఫోన్‌లో అడిగి ఆపండి. ముఖం కండరాలు పట్టేయడం, మెడ ఒకవైపు తిరిగిపోవడం, కళ్ళు పైకి నిలిచిపోవడం కనిపిస్తే ఫోన్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

గంటల_లెక్క
ఆకుపచ్చ గారు సరిగ్గా పట్టారు. ఇక కాఫీ. నాలుగు కప్పులు ఒక్కరోజులో సున్నా చేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, నీరసం, చిరాకు, వికారం మొదలవుతాయి, ఒకటి రెండు రోజుల మధ్య పతాకస్థాయికి చేరతాయి, తొమ్మిది రోజుల దాకా సాగొచ్చు. అంటే ఒకే రోజు మూడు ఆపారు, ఒకటి కొత్తగా మొదలుపెట్టారు. ఏది ఏం చేస్తోందో తేలకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాఫీ మళ్ళీ నాలుగు కప్పులకి ఎక్కొద్దు. పొద్దున ఒక చిన్న కప్పు పెట్టుకుని, వారానికి సగం చొప్పున దించండి. మధ్యాహ్నం తర్వాత వద్దు, కెఫీన్ హాఫ్‌లైఫ్ ఐదు గంటల చుట్టూ ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి తాగింది రాత్రి తొమ్మిదికి సగం అలాగే ఉంటుంది.

మోతాదు
ఒమెప్రజోల్ కూడా చిన్న విషయం కాదు. ఎస్సిటలోప్రామ్‌ని విరగ్గొట్టే ముఖ్యమైన ఎంజైమ్ సీవైపీ 2సీ19. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాన్ని మందగింపజేస్తాయి. ఒమెప్రజోల్ కలిస్తే రక్తంలో ఎస్సిటలోప్రామ్ సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంటే 10 వేసుకున్న రోజుల్లో ఒంటికి 15 వేసుకున్నంత అంది ఉండొచ్చు. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ నెమ్మది, వాళ్ళకి ఇంకా ఎక్కువ. మందు వాడుతున్నప్పుడు వికారం అంత బలంగా ఉండటానికి ఇది కారణం కావచ్చు. డాక్టర్‌కి ఒమెప్రజోల్ సంగతి చెప్పారా? చాలామంది ఎసిడిటీ మాత్రని మందుల జాబితాలో లెక్కేయరు. మళ్ళీ ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టాలని అనుకుంటే మోతాదు తేల్చేటప్పుడు ఈ ముక్క తప్పక చూడాలి.

తెగిన_నిద్ర
చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడు ఫోన్ చేస్తున్నా. ఒకటి చెప్పండి, మొదట్లో కడుపు అంతగా తిప్పడం ఎందుకు? ఆందోళనకి మందు కడుపులో ఏం చేస్తోంది?

నిమ్మళం
ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. మందు మొదలుపెట్టగానే అక్కడా మట్టం పెరుగుతుంది, వాంతి వైపు కబురు తీసుకెళ్ళే రిసెప్టర్లు రెచ్చిపోతాయి. వారం రెండు వారాల్లో అవి మెత్తబడతాయి. మెదడులో కూడా మొదటి రోజుల్లో ఆందోళన తగ్గడానికి బదులు పెరిగినట్టుండొచ్చు. పెరిగిన సెరటోనిన్‌ని చూసి కణాల మీదున్న సెన్సార్లు ఉత్పత్తిని తగ్గించేస్తాయి, ఆ సెన్సార్లు మొద్దుబారడానికి రెండు మూడు వారాలు. మేలు కనపడేది ఆ తర్వాతే. అందుకే రెండో వారంలో ఆపినవాళ్ళకి ఇబ్బంది మొత్తం అనుభవంలోకి వస్తుంది, మేలు రాదు, "ఈ మందు నాకు పడదు" అన్న అభిప్రాయం మిగిలిపోతుంది. ఒక్కోసారి అది నిజంగానే పడదు, ఒక్కోసారి డోసు తొందరగా పెంచారు. 2.5తో మొదలుపెట్టి, ఏదైనా తిన్నాక, ఉదయం వేసుకుంటే చాలామందికి దాటిపోతుంది.

వెలుతురు_కిటికీ
నీళ్ళ మాట తప్పని అర్థమైంది. ఐతే ఇప్పుడు మళ్ళీ సగం మాత్ర వేసుకుంటే ఇవన్నీ తగ్గవా? స్ట్రిప్‌లో మిగిలున్నాయి కదా.

సగంమాత్ర
డాక్టర్‌తో మాట్లాడకుండా ఏ మాత్రా మళ్ళీ మొదలుపెట్టొద్దు. ఎందుకో చెప్తా. నెలల తరబడి వాడి ఆపి విత్‌డ్రాయల్ గట్టిగా ఉన్నవాళ్ళకి పాత డోసు తిరిగి ఇచ్చి నెమ్మదిగా దించడం సరైన వైద్యం, రెండు మూడు రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. ఇక్కడ వాడిందే 12 రోజులు, ఆపి ఐదో రోజు. మళ్ళీ ఎస్సిటలోప్రామ్ వేస్తే వికారం మొదటి నుంచి మొదలు. క్లోనజెపామ్ మళ్ళీ వేస్తే ఇవాళ నిద్ర పడుతుంది, కానీ ఆపే రోజు వెనక్కి జరుగుతుంది, అలవాటు ఇంకొంచెం ముదురుతుంది. నిద్ర పట్టని రాత్రి ఒకటి, పట్టిన రాత్రి వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. దడ ఓర్చుకోలేనంత ఉంటే డాక్టర్ కొద్ది రోజుల సగం డోసు ప్లాన్ ఇవ్వొచ్చు, తేదీలతో సహా రాయించుకోండి.

ఎవరైనా ఎక్కువకాలం వాడి ఆపాలనుకుంటుంటే ఇది పట్టుకోండి: మాత్రని సగం, పావు చేసి ఆపేయడం చాలామందికి సరిపోదు. సెరటోనిన్ ద్వారాల మీద ప్రభావం డోసుతో సమానంగా తగ్గదు. 10 నుంచి 5కి దిగితే ప్రభావం కొంచెమే తగ్గుతుంది, 2.5 నుంచి సున్నాకి దూకితే నిలువునా పడిపోతుంది. చివరి మెట్లు చిన్నవిగా ఉండాలి. మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు 2019లో ఈ సంగతే రాశారు, ఇప్పుడు బ్రిటన్ మార్గదర్శకాలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. చిన్న మెట్లకి చుక్కల మందు వస్తుంది, సీసా మీద మిల్లీలీటరుకి ఎన్ని మి.గ్రా. అన్నది తప్పక చూడాలి, కంపెనీని బట్టి మారుతుంది. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు (వెన్లాఫాక్సిన్ ఈఆర్, పారోక్సెటిన్ సీఆర్ లాంటివి) విరగ్గొట్టొద్దు, నమలొద్దు. ఒక మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం కూడా తగ్గించడం కాదు. పారోక్సెటిన్ హాఫ్‌లైఫ్ ఒక రోజు లోపే, అలా చేస్తే రోజు విడిచి రోజు విత్‌డ్రాయల్.

పసుపుగోడ
మా అమ్మకి 68. సెర్ట్రలిన్ మొదలుపెట్టి మూడో వారం, వికారం అని తనే ఆపేసింది. బీపీకి నీరు పోయే మాత్ర ఉంది. ఇప్పుడు తలనొప్పి, మగత, నిన్న తేదీ అడిగితే తడబడింది. ఇది కూడా విత్‌డ్రాయలేనా?

మోతాదు
పసుపుగోడ గారూ, ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళి సోడియం చూపించండి. పెద్ద వయసు, నీరు పోయే మాత్ర (థయజైడ్ రకమైతే మరీ), సెర్ట్రలిన్ మొదటి వారాలు, ఈ మూడూ కలిసిన చోట సోడియం పడిపోవడం బాగా తెలిసిన ప్రమాదం. మామూలు 135 నుంచి 145. 125 కిందికి దిగితే తికమక, ఫిట్స్ దాకా పోతుంది. మందు ఆపినా వెంటనే సర్దుకోదు. బీపీ మాత్ర స్ట్రిప్ చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ఉప్పు నీళ్ళు ఇంట్లో తాగించొద్దు, ఆస్పత్రిలో సోడియం ఎంత వేగంగా పెంచాలన్నది కొలిచి చేస్తారు, తొందరపడితే అదీ ప్రమాదమే.

పసుపుగోడ
బయల్దేరుతున్నాం. ధన్యవాదాలు.

వాన_చినుకు
ఎవరైనా ఎప్పుడు ఆగకూడదో కూడా రాయండి. అందరూ ఓపిక పట్టమంటే నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్ళూ పడతారు.

ఆకుపచ్చ_సిరా
స్పృహ తప్పడం, ఫిట్స్, లేనివి కనిపించడం, ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, కూర్చుని ఉన్నా నాడి 120 దాటి తగ్గకపోవడం: ఎమర్జెన్సీ. జ్వరం, విపరీతమైన చెమట, విరేచనాలు, కాళ్ళు బిర్రబిగిసి ఎగిరెగిరి పడటం: సెరటోనిన్ మితిమీరినప్పుడు ఇలా అవుతుంది. నొప్పి మందు ట్రమడాల్, యాంటీబయాటిక్ లినెజోలిడ్, దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫన్ లాంటివి కలిసినప్పుడు, లేదా డోసు పెంచిన మొదటి రోజున వస్తుంది. నల్లటి విరేచనం కనిపించినా ఆగొద్దు. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలతో ఈ మందులు కలిస్తే కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది.

ఇంకొకటి అన్నిటికంటే ముఖ్యం. చచ్చిపోవాలన్న ఆలోచనలు కొత్తగా వచ్చినా, ఉన్నవి పదునెక్కినా, ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, ఆస్పత్రికి వెళ్ళండి. మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు, ఆపినప్పుడు, 25 ఏళ్ళ లోపువాళ్ళలో దీన్ని మరీ కనిపెట్టుకుని ఉండాలి. అకతీసియా ఉన్నవాళ్ళలో కూడా, ఆ కుదురులేనితనం మనిషిని ఎంతకైనా తోస్తుంది.

తెగిన_నిద్ర
ఫోన్ చేశాను. మెటోక్లోప్రమైడ్ ఆపేయమన్నారు. ఒమెప్రజోల్ విన్నాక కాసేపు మౌనంగా ఉండి, అది రాసుకున్నారు. నాలుగు రోజుల్లో రమ్మన్నారు, క్లోనజెపామ్ మళ్ళీ వద్దన్నారు. సోడియం, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకుని రమ్మన్నారు. అలాంటి ఆలోచనలేవీ లేవు, అడిగినందుకు సంతోషం. అప్పటిదాకా ఏం రాసుకోవాలి?

గంటల_లెక్క
ఒక కాగితం, రోజుకి ఒక వరస. తేదీ, ఆపి ఎన్నో రోజు, నిద్రపోయిన గంటలు, వేసుకున్న ప్రతి మాత్ర వేళతో సహా, కెఫీన్ ఎంత. తర్వాత మీ లక్షణాల్లో బాగా బాధపెట్టే మూడిటికి మాత్రమే సున్నా నుంచి పది మార్కులు, రోజుకి ఒక్కసారి, ఒకే వేళకి. గంటగంటకీ చూసుకోవద్దు, చూసుకోవడమే దడ పెంచుతుంది. నాడి కొలవాలంటే ఐదు నిమిషాలు కూర్చుని, 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి, తర్వాత లేచి నిలబడి మూడు నిమిషాలకి ఇంకోసారి. నిలబడగానే 30కి మించి పెరిగి, కళ్ళు తిరుగుతుంటే ఆ అంకెలు డాక్టర్‌కి చూపించండి. తిండి, నీళ్ళు సరిగా లేకపోయినా అలా అవుతుంది.

సగంమాత్ర
లోపలికి వెళ్ళగానే ఈ మూడు మాటలు ముందు చెప్పండి, మిగతావి తర్వాత: ఎస్సిటలోప్రామ్ 5 ఏడు రోజులు, 10 ఐదు రోజులు, క్లోనజెపామ్ 0.25 పన్నెండు రోజులు, రెండూ ఫలానా తేదీన ఒకేసారి ఆపాను. వెంట ఒమెప్రజోల్ ఉంది. మునుపు లేనివి ఇవి, మునుపు ఉన్నవి ఇవి. "ఒంట్లో బాగోలేదు" అని మొదలుపెడితే ఉన్న పది నిమిషాలూ దాని మీదే పోతాయి.

వాన_చినుకు
మెదడుకేమైనా అయిందా అని అడిగారు, దానికి ఎవరూ నేరుగా జవాబివ్వలేదు.

నిమ్మళం
నిజమే, అది మొదటే చెప్పాల్సింది. 12 రోజుల ఎస్సిటలోప్రామ్, 0.25 క్లోనజెపామ్ వల్ల మెదడు దెబ్బతినదు. తలలో కరెంటు తగిలినట్టుండటం భయంకరంగా ఉంటుంది కానీ అది ఫిట్స్ కాదు, కణాలు చచ్చిపోతున్న గుర్తూ కాదు. రిసెప్టర్లు ఎంత మారి ఉంటాయో అంత వెనక్కి వస్తాయి, ఇంత తక్కువ వాడకంలో మారిందే తక్కువ. ఒకటి రెండు వారాల్లో చాలావరకు సర్దుకోవాలి. మూడో వారం నడుస్తున్నా అలలు తగ్గకపోతే విత్‌డ్రాయల్ అనుకుంటూ కూర్చోకుండా, పాత ఆందోళనకి వైద్యం మొదలుపెట్టాలి. మాటల ద్వారా చేసే సీబీటీ చికిత్స ఉంది, వేరే మందులూ ఉన్నాయి. ఎస్సిటలోప్రామ్ పడకపోతే ఆ రకం మందుల్లో ఇంకేదీ పడదని కాదు.

తెగిన_నిద్ర
మెటోక్లోప్రమైడ్ ఆపిన రెండో సాయంత్రం ఇది. భోజనం పూర్తయ్యేదాకా కుర్చీలోనే కూర్చున్నాను. తూలడం ఉంది, తలలో కరెంటు తగ్గింది గానీ పోలేదు. నిద్ర ఇంకా అంతే.

పసుపుగోడ
అమ్మకి సోడియం 121. అడ్మిట్ చేసుకున్నారు, మెల్లగా ఎక్కిస్తున్నారు, నీరు పోయే మాత్ర ఆపారు. ఈ సాయంత్రం తేదీ సరిగ్గా చెప్పింది.

మోతాదు
మంచి కబురు. ఇంటికి వచ్చాక వారంలోపు సోడియం ఇంకోసారి చూపించండి, బీపీ మాత్ర మార్చారా లేదా అడగండి. కొత్తగా ఏ డిప్రెషన్ మందు రాసినా ఈ 121 సంగతి ముందే చెప్పాలి, డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి.

రెండోచూపు
తెగిన_నిద్ర గారూ, మూడింటికి మెలకువ వస్తే మంచం మీద దొర్లుతూ గడియారం చూడొద్దు. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా చదవండి, కళ్ళు మూతలు పడ్డాకే వెనక్కి. పొద్దున లేచే వేళ మాత్రం రోజూ ఒకటే, రాత్రి ఎలా గడిచినా. పగలు కునుకు వద్దు. మందు షాపులో అడిగి నిద్రకి సిరప్పులు కొనొద్దు, డైఫెన్‌హైడ్రమైన్ లాంటివి కాళ్ళ లాగుడు పెంచుతాయి కొందరికి.

వెలుతురు_కిటికీ
దడకి ప్రొప్రనలోల్ వేసుకుంటున్నవాళ్ళు కూడా ఇలాగే ఒక్కసారి ఆపొచ్చా? ఇదేం నిద్రమాత్ర కాదు కదా.

గంటల_లెక్క
పరీక్షకో వేదిక ఎక్కడానికో ఎప్పుడైనా ఒకటి వేసుకుంటే ఆపడానికేమీ లేదు. రోజూ వారాల తరబడి వాడితే ఒక్కసారి ఆపొద్దు. గుండె మీద బీటా రిసెప్టర్లు సంఖ్య పెంచుకుని కూర్చుంటాయి, మందు తీయగానే నాడి పరిగెత్తుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఛాతీనొప్పి, గుండెపోటు దాకా పోవచ్చు. ఒకటి రెండు వారాల్లో మెట్లుగా దించుతారు, డాక్టర్ చెప్పిన లెక్కలో. ఉబ్బసం ఉన్నవాళ్ళు దీన్ని అసలు మొదలుపెట్టకూడదు.